విషానికి సిమెంటు కాపలా

బెల్జియం ఉత్తర ప్రాంతంలో డెసెల్ అనే ఊరుంది. ఆ దేశపు అణువిద్యుత్ కేంద్రాల నుంచి వచ్చే రేడియోధార్మిక వ్యర్థాలను నిల్వ ఉంచేది అక్కడే. 2013లో అక్కడి గోదాములో తనిఖీ చేస్తుండగా కొన్ని డ్రమ్ముల్లోంచి జిగురులాంటి పదార్థం పైకి ఉబికి రావడం కనిపించింది. డోయెల్ అణువిద్యుత్ కేంద్రంలో మిగిలిన వ్యర్థాన్ని సిమెంటు, ఇసుక, కంకరతో కలిపి ఏళ్ల కిందటే పోసిపెట్టిన డ్రమ్ములవి. లోపలున్నది గట్టిపడ్డ కాంక్రీటు. అందులోంచి జిగురు ఎలా ఊరింది? వెతుక్కుంటూ పోతే వేల డ్రమ్ములు అనుమానితాల జాబితాలో చేరాయి.

ఆ జిగురు సంగతి అర్థం కావాలంటే అసలు వ్యర్థాన్ని సిమెంటులో ఎందుకు కలుపుతారో ముందు తెలియాలి. సీసం, కాడ్మియం, ఆర్సెనిక్, క్రోమియం, సీజియం, స్ట్రాన్షియం ఇవన్నీ మూలకాలు. కాల్చినా, ఉడికించినా, ఏ రసాయనం పోసినా మూలకం మాయం కాదు. ఫ్యాక్టరీ మురుగును శుద్ధి చేస్తే మడ్డిలో తేలుతుంది, ఆ మడ్డిని కాలిస్తే బూడిదలో తేలుతుంది. రేడియోధార్మిక మూలకాలు కనీసం కాలం గడిచేకొద్దీ వాటంతటవే తరిగిపోతాయి. మామూలు సీసానికి ఆ గుణం కూడా లేదు. కనుక మనం చేయగలిగిందల్లా అవి నీళ్లతో కలిసి ప్రయాణం కట్టకుండా చూడటమే. వాన కురుస్తుంది, నేలలోకి ఇంకుతుంది, పూడ్చిన వ్యర్థాన్ని తాకి అందులో కొంత కరిగించుకుంటుంది, పక్క ఊరి బోరులోంచి పైకి వస్తుంది. పూడ్చిపెట్టిన విషం మనిషిని చేరే ముఖ్యమైన దారి ఇదే. సిమెంటు చేసే పనంతా ఈ దారి మీద కాపలా కాయడం.

ఈ పనికి సిమెంటునే ఎందుకు ఎంచుకున్నారంటే, ముందుగా అది చవక, ఎక్కడైనా దొరుకుతుంది, కొలిమి అక్కర్లేదు. నీళ్లోడే వ్యర్థాన్ని వేరే పద్ధతుల్లోనైతే ముందు ఆరబెట్టుకోవాలి. సిమెంటుకు ఆ నీళ్లే పనికొస్తాయి. దాని బరువే కొంత రేడియేషన్‌ను అడ్డుకుంటుంది. పైగా అది మండదు. ఒకప్పుడు చాలా దేశాలు రేడియోధార్మిక వ్యర్థాన్ని తారులో కలిపేవి. 1997 మార్చి 11న జపాన్‌లోని టోకాయ్‌లో అలాంటి ప్లాంటులోనే పొద్దున మంటలు లేచాయి, రాత్రికి పేలుడు జరిగింది. అయితే అన్ని వ్యర్థాలకూ సిమెంటు సరిపోదు. వాడిన అణుఇంధనాన్ని శుద్ధి చేసినప్పుడు మిగిలే అతి తీవ్రమైన ద్రవాన్ని మన దేశంలో తారాపూర్, ట్రాంబే, కల్పాక్కంలలో గాజుగా మారుస్తారు. తక్కువ, మధ్యస్థ తీవ్రత ఉన్నవాటి వాటా సిమెంటుది.

సిమెంటు గట్టిపడేది ఎండటం వల్ల అనుకుంటాం. నిజానికి నీళ్లు తాగడం వల్ల గట్టిపడుతుంది. స్లాబు వేశాక మేస్త్రీ రోజుల తరబడి నీళ్లు కొట్టించేది అందుకే. సిమెంటు పొడిలో ప్రధానంగా ఉండేవి కాల్షియం సిలికేట్లు. నీళ్లు తగలగానే అవి రెండు కొత్త పదార్థాలుగా మారతాయి. ఒకటి కాల్షియం సిలికేట్ హైడ్రేట్ అనే జెల్. ఎంత సన్నటి నిర్మాణమంటే, ఒక్క గ్రాము ముద్దలో పరుచుకుని ఉండే ఉపరితలం వంద చదరపు మీటర్లు దాటుతుంది. ఇంటి గోడకు బలం ఇచ్చేది ఈ జెల్లే. రెండోది మనకు బాగా తెలిసిన తడి సున్నం, అంటే కాల్షియం హైడ్రాక్సైడ్.

గట్టిపడ్డ సిమెంటు నిండా కంటికి కనిపించని రంధ్రాలుంటాయి. వాటిలో నీళ్లుంటాయి. కథానాయకుడు ఆ నీరే. దాని పీహెచ్ మొదట్లో 13 దాటి ఉంటుంది. సోడియం, పొటాషియం మెల్లగా కొట్టుకుపోయాక కూడా, లోపల సున్నం మిగిలి ఉన్నంతకాలం 12.5 దగ్గర నిలబడుతుంది. సిమెంటు పనికి వెళ్లే కూలీల వేళ్ల సందులు ఒరిసిపోయి పుండ్లు పడేది ఈ క్షారం వల్లే. వాళ్ల చేతుల్ని తినేసే గుణమే ఇక్కడ అక్కరకొస్తుంది. అంత క్షారంలో చాలా లోహాలు కరిగి ఉండలేక హైడ్రాక్సైడ్‌గా మారి అడుగున పడిపోతాయి. కొన్ని జెల్ ఉపరితలానికి అతుక్కుంటాయి, కొన్ని దాని అల్లికలోనే చేరిపోతాయి. దిమ్మకు రేపు పగులు వచ్చినా, నీరు లోపలికి చొరబడినా, కరగడానికి సిద్ధంగా లోహం ఉండదు. అందుకే వ్యర్థాన్ని బంధించే సిమెంటును బలంతో కొలవడం పెద్ద పొరపాటని నా అభిప్రాయం. వంతెన స్తంభానికి కావలసింది బలం. వ్యర్థపు దిమ్మకు తన బరువు, పైన పేర్చినవాటి బరువు మోయగలిగేంత బలం చాలు. మిగతాదంతా రసాయనం చూసుకోవాలి.

ఇక్కడే చిక్కంతా ఉంది. ఒక్కో విషానిది ఒక్కో స్వభావం.

సీసాన్నే తీసుకోండి. పీహెచ్ 9, 10 ప్రాంతంలో సీసం హైడ్రాక్సైడ్ చాలా తక్కువగా కరుగుతుంది. 12 దాటిందంటే మళ్లీ కరగడం మొదలుపెడుతుంది. జింక్‌దీ అదే దారి. అంటే సీసం ఉన్న మడ్డికి భద్రత కోసమని సిమెంటు ఇంకాస్త ఎక్కువ కలిపితే, అదే దాన్ని బయటికి వదలవచ్చు. ఇల్లు కట్టేవాడి లెక్క ఇక్కడ తలకిందులవుతుంది. పైగా సీసం, జింక్ లవణాలు సిమెంటు రేణువుల మీద పొరలా పేరుకుని అది సెట్ కాకుండా ఆలస్యం చేస్తాయి. ఎలక్ట్రోప్లేటింగ్ యూనిట్ల నుంచి వచ్చే హెక్సావాలెంట్ క్రోమియం సంగతి వేరు. అది ఎంత క్షారంలోనైనా కరిగే ఉంటుంది. ముందు ఫెర్రస్ సల్ఫేట్ వేసి దాన్ని ట్రైవాలెంట్ క్రోమియంగా మార్చాలి, ఆ తర్వాతే సిమెంటు. ఈ మెట్టు తప్పితే దిమ్మ ఎంత గట్టిగా ఉన్నా క్రోమియం వాన నీళ్లతో చక్కగా బయటికి నడిచిపోతుంది.

సీజియం మరీ మొండిది. దానికి హైడ్రాక్సైడ్‌గా అడుగున పడే అలవాటే లేదు, సిమెంటు జెల్ దాన్ని పెద్దగా పట్టించుకోదు. అందుకే మన అణు కేంద్రాల్లో సిమెంటులో వర్మిక్యులైట్ కలపడం పరిపాటి. ఇది మైకా మార్పు చెంది ఏర్పడే ఖనిజం, నెల్లూరు జిల్లా నేలల్లోనూ ఉంది. పుస్తకంలో పేజీల్లా దాని పొరలు ఒకదాని మీద ఒకటి ఉంటాయి. సీజియం అయాను సరిగ్గా ఆ పొరల సందులో ఇరుక్కునే పరిమాణంలో ఉంటుంది. ఇరుక్కుంటే ఓ పట్టాన రాదు.

ఇప్పుడు డెసెల్ జిగురు దగ్గరికి వద్దాం. అణువిద్యుత్ కేంద్రంలో మురుగు నీటిని మరిగించి ఆవిరి చేస్తే అడుగున చిక్కటి ద్రవం మిగులుతుంది. డోయెల్‌లో ఉన్నవి రియాక్టర్ నీళ్లలో బోరిక్ ఆమ్లం వాడే రకం. కనుక ఆ చిక్కటి ద్రవంలో బోరేట్లు, వాటితోపాటు సోడియం పుష్కలంగా ఉంటాయి. బోరేట్లు సిమెంటును సెట్ కానివ్వవన్న సంగతి ఇంజినీర్లకు ముందే తెలుసు. దానికి విరుగుడుగా సున్నం కలుపుతారు. వాళ్లను దెబ్బతీసింది ఇంకో చోట. సోడియం, పొటాషియంలతో నిండిన క్షారంలో కొన్ని రకాల ఇసుకలో, కంకరలో ఉండే సిలికా నెమ్మదిగా కరుగుతుంది. కరిగి జెల్‌గా మారుతుంది. ఆ జెల్ నీళ్లు పీల్చుకుని ఉబ్బుతుంది. ఉబ్బి కాంక్రీటును లోపలినుంచి పగలగొడుతుంది, దారి దొరికితే పైకి ఊరుతుంది. ఆనకట్టలను, వంతెనలను పీడించే ఈ రోగానికి ఇంజినీర్లు పెట్టుకున్న పేరు ఆల్కలీ సిలికా రియాక్షన్. మామూలు కాంక్రీటుకు ఈ రోగం రావడానికి సిమెంటులో ఉండే కొద్దిపాటి సోడియమే చాలు. ఈ డ్రమ్ముల్లోకి వ్యర్థమే సోడియాన్ని దండిగా మోసుకొచ్చింది. కంకర ఎంపికలో జరిగిన తేడా బయటపడేసరికి ఏళ్లు గడిచిపోయాయి. ఇప్పుడు ఆ డ్రమ్ములను ఉన్నవి ఉన్నట్టుగా శాశ్వత నిక్షేపంలో పెట్టడానికి వీల్లేదు. విడిగా ఉంచి, కనిపెట్టుకుని, ఏం చేయాలో తేల్చుకోవాలి.

ఈ ఉదంతాన్ని బెల్జియం దాచకుండా బయటపెట్టింది. అందుకు ఆ దేశాన్ని మెచ్చుకోవాలి. వ్యర్థం కూడా ఆ కాంక్రీటులో ఒక దినుసేననీ, నోరు మూసుకుని కూర్చునే అతిథి కాదనీ అంత స్పష్టంగా చూపించిన సందర్భం ఇంకోటి నాకు కనిపించలేదు.

ఇలాంటి జాగ్రత్తలు ఇంకా చాలా ఉన్నాయి. నీళ్లను శుద్ధి చేసే అయాన్ మార్పిడి రెసిన్ గుళికలు తడి తగిలితే ఉబ్బి దిమ్మను చీల్చగలవు. అల్యూమినియం ముక్కలు ఆ క్షారంలో కరుగుతూ హైడ్రోజన్ వదులుతాయి. బ్రిటన్‌లోని సెల్లాఫీల్డ్‌లో మాగ్నాక్స్ రకం రియాక్టర్ల ఇంధనపు మెగ్నీషియం తొడుగులను 500 లీటర్ల స్టెయిన్‌లెస్ స్టీల్ డ్రమ్ముల్లో సిమెంటుతో పోయడం 1990లో మొదలుపెట్టారు. వాయువు పోయేందుకు ఆ డ్రమ్ముల మూతలకు దారి ఉంచుతారు. సిమెంటు గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది. అంత పెద్ద డ్రమ్ములో మధ్య భాగం మరీ వేడెక్కి పగలకుండా, సిమెంటు తగ్గించి దానికి అనేక రెట్లు స్లాగ్, అంటే ఉక్కు కర్మాగారాల కొలిమిలో మిగిలే చిట్టెం పొడి, కలుపుతారు. పని జరిగే తీరు కూడా నిర్మాణం పనిలా ఉండదు. అసలు డ్రమ్ము ముట్టుకునే ముందు ప్రయోగశాలలో చిన్న చిన్న కప్పుల్లో అదే వ్యర్థం పాళ్లు మార్చి మార్చి కలుపుతారు. సూదిని దించి ఎన్ని గంటలకు సెట్ అయిందో చూస్తారు. పైన నీరు తేలిందా అని చూస్తారు, తేలితే ఆ పాళ్లు పనికిరావు. ఆ తేలిన నీటిలోనే విషం మిగిలిపోయి ఉంటుంది. తర్వాత డ్రమ్ములో తెడ్డు పెట్టి తిప్పుతారు. కొన్ని పద్ధతుల్లో ఆ తెడ్డును బయటికి తీయరు, రేడియేషన్ అంటిన దాన్ని కడగడమంటే మళ్లీ వ్యర్థం తయారు చేయడమే కాబట్టి అందులోనే వదిలేస్తారు.

స్లాగ్ గొప్పతనం వేడి తగ్గించడంతో ఆగదు. అమెరికాలో సౌత్ కరోలినా రాష్ట్రంలోని సవానా రివర్‌లో అణ్వస్త్రాల తయారీలో మిగిలిన ఉప్పు ద్రవాన్ని 1990 నుంచి సాల్ట్‌స్టోన్ అనే గ్రౌట్‌గా, అంటే పోశాక గట్టిపడే జావగా, మారుస్తున్నారు. అందులో ఏళ్ల తరబడి వాడిన పొడి పాళ్లు స్లాగ్ 45 శాతం, ఫ్లైయాష్ 45 శాతం, సిమెంటు 10 శాతం. విశాఖ ఉక్కు కర్మాగారం నుంచి సిమెంటు కంపెనీలకు వెళ్లేది కూడా ఈ జాతి స్లాగే. ఆ ద్రవంలో టెక్నీషియం-99 ఉంటుంది. దాని అర్ధాయువు 2 లక్షల 11 వేల ఏళ్లు. మామూలుగా అది నీళ్లలో సుఖంగా కరిగి తిరుగుతుంది. స్లాగ్‌లోని సల్ఫైడ్ దాని రూపాన్ని మార్చి కరగకుండా చేస్తుంది. గాలిలోని ఆక్సిజన్ లోపలికి చేరనంతకాలం ఆ మార్పు నిలుస్తుంది.

అదే అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలోని హాన్‌ఫర్డ్‌లో 177 ట్యాంకుల్లో ఇలాంటి ద్రవమే ఉంది. అక్కడ తక్కువ తీవ్రత ఉన్న భాగాన్ని కూడా గాజుగానే మార్చాలని ప్లాంటు కట్టారు. గాజా, గ్రౌటా అన్న వాదన అక్కడ దశాబ్దాలుగా నడుస్తోంది. గాజు దృఢమైనదే. కానీ కొలిమి వేడికి టెక్నీషియంలో, అయోడిన్‌లో కొంత ఆవిరై పొగతో పాటు వెళ్తుంది. దాన్ని పట్టుకున్న ఫిల్టర్లను, ఇతర ఘన వ్యర్థాలను బంధించడానికి చివరికి మళ్లీ సిమెంటే కావాలి. సిమెంటును రెండో తరగతి సరుకుగా చూసేవాళ్లు ఈ సంగతి మరిచిపోతారు.

సిమెంటును కేవలం బరువు కోసం వాడిన రోజులూ ఉన్నాయి. 1949 నుంచి 1982 దాకా ఐరోపా దేశాలు రెండు లక్షలకు పైగా రేడియోధార్మిక పీపాలను ఈశాన్య అట్లాంటిక్ అడుగుకు జారవిడిచాయి. చాలావాటిలో కాంక్రీటు నింపింది అవి తేలకుండా మునగడానికి. సముద్రంలో పారవేతను 1993లో పూర్తిగా నిషేధించారు. 2025లో ఫ్రెంచ్ పరిశోధకులు మనుషులు లేని జలాంతర వాహనం పంపి మూడు వేలకు పైగా పీపాల జాడ గుర్తించారు.

నేల మీద కట్టే నిక్షేపాలకు అణు రంగం 300 ఏళ్ల లెక్క వేసుకుంది. సీజియం-137 అర్ధాయువు సుమారు 30 ఏళ్లు, స్ట్రాన్షియం-90ది సుమారు 29. పది అర్ధాయువులు గడిస్తే మొదట ఉన్నదాంట్లో 1024వ వంతు మిగులుతుంది. మన దేశంలో అణు కేంద్రాల ఆవరణలోనే కాంక్రీటు కందకాలు, టైల్ హోల్స్ అని పిలిచే లోతైన గుండ్రటి కాంక్రీటు గుంతలు కట్టి, దిమ్మలు దించి, మూసేస్తారు. చుట్టూ బావులు తవ్వి నీళ్లు పరీక్షిస్తారు. ఫ్రాన్స్‌లో లా మాంష్ నిక్షేపం 1969లో మొదలై 1994లో నిండింది. 5,27,000 ఘనపు మీటర్ల వ్యర్థం ఉంది అక్కడ. ఆ నిక్షేపం వివరాలను శతాబ్దాలు నిలిచే ప్రత్యేకమైన కాగితం మీద అచ్చువేసి, ఒక ప్రతిని నిక్షేపం దగ్గర, ఇంకోదాన్ని జాతీయ అభిలేఖాలయంలో ఉంచారు.

సిమెంటు అంతకాలం నిలుస్తుందా అన్నది న్యాయమైన ప్రశ్న. జోసెఫ్ ఆస్ప్‌డిన్ పోర్ట్‌లాండ్ సిమెంటుకు పేటెంట్ తీసుకున్నది 1824లో, అంటే దానికి రెండు వందల ఏళ్ల అనుభవమే ఉంది. అందుకని శాస్త్రవేత్తలు ప్రకృతిని అడిగారు. జోర్డాన్ ఉత్తరాన మఖారిన్ అనే చోట, నేలలోని సేంద్రియ పదార్థం వల్ల సున్నపురాయి పొరలు వాటంతటవే కాలి సిమెంటు లాంటి ఖనిజాలుగా మారాయి. వాటిలోంచి వచ్చే ఊటనీటి పీహెచ్ ఇప్పటికీ 12.5 దగ్గర ఉంది. మనిషి చేయి లేకుండానే ఆ క్షారం తరతరాలుగా నిలబడి ఉందన్నమాట. ఐతే ఆ నీరు పారే పగుళ్లలో కొత్త ఖనిజాలు పేరుకోవడం, పక్క రాయి గుణం మారడం కూడా అక్కడ చూడవచ్చు. ఇంకో శత్రువు గాలిలోని కార్బన్ డయాక్సైడ్. అది సున్నాన్ని సుద్దగా మారుస్తూ బయటినుంచి లోపలికి క్షారాన్ని తగ్గించుకుంటూ వస్తుంది. దిమ్మను గాలికి, వానకు దూరంగా పూడ్చాలనేది ఇందుకే.

ఇక మన ఊళ్ల దగ్గరికి. హైదరాబాద్ శివార్లలోని దుండిగల్‌లో 2001 నుంచి, విశాఖ దగ్గర పరవాడలో ఆ తర్వాత, ప్రమాదకర పారిశ్రామిక వ్యర్థాల కేంద్రాలు పనిచేస్తున్నాయి. లారీలో వచ్చిన సరుకును పరీక్షించి నేరుగా పూడ్చాలా, శుద్ధి చేసి పూడ్చాలా, కాల్చాలా అని తేలుస్తారు. ఆ మధ్యలోదే సిమెంటు, సున్నం, ఫ్లైయాష్ కలిపే వరస. కలిపాక టీసీఎల్‌పీ అనే పరీక్ష ఉంది. ముక్కను 9.5 మిల్లీమీటర్ల కంటే చిన్నగా నలిపి, 20 రెట్ల బరువు అసిటిక్ ఆమ్లపు నీటిలో వేసి, నిమిషానికి 30 చుట్లు చొప్పున దాదాపు 18 గంటలు తిప్పి, ఆ నీటిలో ఏం దిగిందో చూస్తారు. సీసం లీటరుకు 5 మిల్లీగ్రాములు దాటకూడదు. నాకు ఈ పరీక్ష మీద పూర్తి నమ్మకం లేదు. సిమెంటు క్షారం ఆ కొద్దిపాటి ఆమ్లాన్ని తినేసి పరీక్షను గట్టెక్కిస్తుంది; వాన మాత్రం 18 గంటలకు ఆగదు. వ్యర్థంలో బోలెడు పొడి కలిపి పలచబరిచినా అంకె తగ్గుతుంది, విషం తగ్గదు. అమెరికా చట్టం అలా పలచబరచడాన్ని నిషేధించింది. రేడియోధార్మిక దిమ్మలకైతే నలపకుండా అలాగే నీళ్లలో ఉంచి, నీళ్లు మారుస్తూ 90 రోజుల దాకా కొలిచే పరీక్ష ఉంది. సీసానికీ ఆ మర్యాద దక్కాలి.

మన దగ్గర ఇంకో ఇబ్బంది. పటాన్‌చెరు, పాశమైలారం, జీడిమెట్ల, పరవాడ ఇవన్నీ మందుల ఫ్యాక్టరీల ప్రాంతాలు. అక్కడి వ్యర్థంలో ద్రావకాలు, సేంద్రియ రసాయనాలు, మురుగును మరిగిస్తే మిగిలే కలగలుపు ఉప్పులు ఎక్కువ. వీటిని సిమెంటు పట్టి ఉంచలేదు. ఉప్పు నీళ్లలో కరిగిపోవడమే దాని స్వభావం, సేంద్రియాలకు హైడ్రాక్సైడ్ సూత్రం వర్తించదు. సేంద్రియాలకు సరైన చోటు సిమెంటు ఫ్యాక్టరీలే: 1,450 డిగ్రీల దాకా వేడెక్కే కిల్న్‌లో ఇంధనంగా వాడితే అవి కాలిపోతాయి. ఉప్పులను మాత్రం ఫ్యాక్టరీలోనే వేరుచేసి తిరిగి వాడుకోవాలి. అన్నిటికీ సిమెంటు పూసేసి చేతులు దులుపుకోవడం మంచి రసాయనశాస్త్రం కాదు.

నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టేది కాలం లెక్క. 300 ఏళ్లలో వెయ్యో వంతుకు తగ్గిపోయే సీజియం మీద మనం 300 ఏళ్లు కాపలా పెడతామంటున్నాం. ఎన్నటికీ తరగని సీసం, ఆర్సెనిక్, కాడ్మియం పూడ్చిన ల్యాండ్‌ఫిల్‌ను మూసేశాక కనిపెట్టుకుని ఉండాల్సిన కాలం మన మార్గదర్శకాల్లో 30 ఏళ్లు. చుట్టూ ఉన్న ఊళ్లు అంతకంటే ఎక్కువ కాలం ఉంటాయి. దుండిగల్‌లాంటి చోట్ల ఇప్పటికే చుట్టూ ఇళ్లు లేచాయి. కనీసం పరిశీలన బావుల నీటి ఫలితాలను ప్రతి ఆరు నెలలకూ ఆ ఊళ్లవాళ్లకు తెలుగులో ఇవ్వాలి. పదేళ్లకోసారి పూడ్చిన దిమ్మల్లోంచి కోర్ తీసి, లోపల పీహెచ్ ఎంత ఉందో, సీసం ఎక్కడిదాకా కదిలిందో కొలవాలి. దానికయ్యే డబ్బు వ్యర్థం తెచ్చిన ఫ్యాక్టరీ దగ్గర, లారీ గేటు దాటే రోజునే వసూలు చేయాలి.